కిందికి చూస్తేనే పడతాడు: గుణుపురం పిల్లలకు తాతయ్య ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవులు పెద్దోడికీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకేసారి అరుస్తూ అడిగారు కదా, రోడ్ రన్నర్ కార్టూన్లో ఆ పక్షిని తరిమే కయోటీ కొండ అంచు దాటిపోయినా గాల్లో ఎలా పరిగెడతాడు, కిందికి చూశాకే ఎందుకు పడతాడు అని. చెబుదామనుకునేలోపే మీ అమ్మ ఫోన్ లాగేసుకుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను పెద్ద చదువులు చదవలేదు. ఈ ఊళ్లో షాపుల బోర్డులు రాసి బతికినవాణ్ని, పైన ఒడియా, కింద తెలుగు. కానీ బొమ్మ సంగతి ఎవరైనా అడిగితే నోరు కట్టుకుని కూర్చోలేను.

మీరు ముందు ఒకటి తెలుసుకోవాలి. కార్టూన్లో కనిపించే ఏ వింతా ఊరికే పెట్టింది కాదు. కొన్ని చూసేవాడి కంటికి సాయంగా పెట్టినవి, కొన్ని గీసేవాడి చేతికి పని తగ్గించడానికి పెట్టినవి. చాలావాటిలో రెండూ కలిసే ఉంటాయి.

ఇక మీ కయోటీ. అమెరికా ఎడారుల్లో నిజంగానే ఉండే జంతువు అది, చూడ్డానికి మన నక్కలా ఉంటుంది. వాడు తరిమే రోడ్ రన్నర్ కూడా నిజం పక్షే, కోకిల జాతిది. అసలు ప్రపంచంలో అయితే కయోటీయే ఆ పక్షి కంటే వేగంగా పరిగెడుతుంది, కార్టూన్ వాళ్లు దాన్ని తలకిందులు చేశారు. 1949లో చక్ జోన్స్ అనే దర్శకుడు, కథ రాసే మైకేల్ మాల్టీస్ కలిసి ఈ జంటను తయారుచేశారు.

ఈసారి వాడు పడేటప్పుడు జాగ్రత్తగా చూడండి. నేల అయిపోతుంది, కాళ్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. తర్వాత ఆగుతాడు. ఏదో తేడాగా ఉందని అనుమానం వస్తుంది. కాలితో కింద తడుముతాడు, ఏమీ తగలదు. అప్పుడు కిందికి చూస్తాడు. చూసి, వెంటనే పడడు! మన వైపు తిరిగి మన కళ్లలోకి చూస్తాడు. చెవులు వాలిపోతాయి. ఒక్కోసారి ఒక చిన్న అట్ట బోర్డు కూడా పైకెత్తి చూపిస్తాడు. అప్పుడు గానీ పడడు, అదీ ముందు ఒళ్లు దిగిపోతుంది, మెడ సాగుతుంది, మొహం చివర్న వెళ్తుంది.

అంచు దాటగానే దబ్బున పడిపోయి ఉంటే ఏమయ్యేది? మీ కంటికి ఆనేదే కాదు. వాడికి తెలియనిది మనకి ముందే తెలిసిపోయి, వాడికెప్పుడు తెలుస్తుందా అని చూస్తూ ఉండే ఆ రెండు మూడు సెకన్లలోనే ఉంది నవ్వంతా. పడటం వంకతో దర్శకుడు మనకి ఆ రెండు మూడు సెకన్లు ఇస్తున్నాడు. పడ్డాక ఏం చూపిస్తారో గమనించారా? పైనుంచి చూస్తున్నట్టు, ఎక్కడో లోతున చిన్న దుమ్ము ఉండ లేస్తుంది. అంతే. దెబ్బ దగ్గర్నుంచి కనిపించదు, నెత్తురు అసలే ఉండదు. మరుక్షణం వాడు కొత్త ప్లాను కాగితం పట్టుకుని కూర్చుని ఉంటాడు. దెబ్బ నిజంగా తగిలిందని అనిపిస్తే మీరు నవ్వలేరు, ఏడుస్తారు.

అలా మన వైపు చూడటం మనవాళ్లకి కొత్త కాదు. మన తోలుబొమ్మలాటలో రామాయణం జోరుగా నడుస్తుంటే మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూరిపోతారు. ఒకరినొకరు బాదుకుంటారు, కథ వదిలేసి నేరుగా జనంతో మాట్లాడతారు, ఊళ్లో వాళ్ల మీద జోకులేస్తారు. ఎన్ని దెబ్బలు తిన్నా మళ్లీ లేచి వస్తారు. కయోటీ వాళ్లకి దూరపు చుట్టమే.

టామ్ అండ్ జెర్రీలో పిల్లి ఉందే, ఆ టామ్ పరిగెత్తే ముందు ఒక్క క్షణం వెనక్కి వంగి, ఒక కాలు పైకెత్తి, చేతులు ముడుస్తాడు, ఆ తర్వాతే దూసుకుపోతాడు. అది కంటికి ముందస్తు కబురు, 'ఇదిగో పోతున్నా, చూసుకో' అని. ఆ కబురు అందకపోతే పిల్లి ఉన్నట్టుండి మాయమైనట్టే ఉంటుంది. డిస్నీ కార్టూన్ కంపెనీ దగ్గర చాలా ఏళ్లు పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు 1981లో రాసిన పుస్తకంలో ఇలాంటి 12 సూత్రాలు చెప్పారు. మొదటిది నొక్కుకోవడం, సాగడం. బంతి నేలకి తగిలితే చప్పిడి అవుతుంది, లేస్తే నిలువుగా సాగుతుంది. కానీ చప్పిడి అయినప్పుడు అంత మేరా వెడల్పు పెరగాలి. అది మర్చిపోతే బంతిలో గాలి పోయినట్టు ఉంటుంది.

ఇప్పుడు పని తగ్గించుకునే సంగతికొద్దాం. నాకు ఇదే ఎక్కువ ఇష్టం, కూలికి బొమ్మ గీసినవాణ్ని కదా.

సినిమా సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 విడి ఫోటోలు నడుస్తుంది. కార్టూన్లో మామూలుగా ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు ఉంచుతారు, అంటే సెకనుకి 12 బొమ్మలు. ఏడు నిమిషాల కార్టూన్‌కి లెక్క కట్టండి: 5,040. అదీ ఒక్క టామ్‌కే, జెర్రీకి మళ్లీ వేరే. అందుకే కార్టూన్లో చాలామందికి చేతికి నాలుగే వేళ్లు. ఒక వేలు తగ్గితే చేతికి ఎన్ని గీతలు మిగిలాయో మీరే చూడండి. పైగా అంత చిన్న చేతికి ఐదు వేళ్లు గీస్తే అరటి హస్తంలా తయారవుతుంది. మిక్కీ మౌస్‌కి తెల్ల గ్లవ్స్ ఎందుకంటే, నలుపు తెలుపు సినిమాల్లో నల్ల చెయ్యి నల్ల ఒంటి ముందుకొస్తే కనబడదు.

టామ్ అండ్ జెర్రీని పుట్టించిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా ఉన్నారే, వాళ్లు పనిచేసిన ఎం.జి.ఎం. కంపెనీ 1957లో కార్టూన్ల విభాగం మూసేసింది. వాళ్లు టీవీకి వెళ్లారు. టీవీలో డబ్బు తక్కువ, టైము ఇంకా తక్కువ. అందుకే యోగి బేర్ అనే ఎలుగుబంటికి చొక్కా లేదు గానీ కాలరూ టై ఉంటాయి! ఒంటిని కదలకుండా ఉంచి తల ఒక్కటే మళ్లీ మళ్లీ గీసుకోవచ్చు, అతుకు కాలరు కింద దాక్కుంటుంది. ఎవరైనా పరిగెడుతుంటే వెనక అదే చెట్టు, అదే కిటికీ, అదే దీపం తిరిగి తిరిగి రావడం కూడా ఆ పొదుపే.

మీ ఇద్దరికీ ఒక పందెం. పాత కార్టూన్లో కొండ మీద పది రాళ్లుంటే ఏ రాయి దొర్లుతుందో ముందే చెప్పేయొచ్చు. మిగతావి తీరిగ్గా పెయింటింగ్ వేసిన రాళ్లు, నీడలతో, రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. కదలాల్సిన రాయిని మాత్రం పారదర్శకంగా ఉండే షీటు మీద గీసి, ఒకే రంగు చదునుగా పూస్తారు, చుట్టూ గీత ఉంటుంది. తలుపులకీ, అల్మరాలో పుస్తకాలకీ ఇదే వర్తిస్తుంది. పెద్దోడా, నువ్వు ముందు చెప్పెయ్యకు, బుజ్జికి ఛాన్సివ్వు.

మీరు మా ఊరి నుంచి గుణుపురం రైల్లో వెళ్తున్నప్పుడు చూసే ఉంటారు, పట్టాల పక్కన స్తంభాలు సర్రున పోతాయి, పొలాలు నెమ్మదిగా పోతాయి, దూరంగా కొండలు దాదాపు నిలబడే ఉంటాయి. అదే లోతు కాగితం మీద రావాలంటే ఎలా? దగ్గరిది ఒక అద్దం మీద, మధ్యది ఇంకో అద్దం మీద, దూరంది మరో దాని మీద వేసి, ఒకదాని కింద ఒకటి ఎడంగా పెట్టి, పైనుంచి కెమెరా పట్టి, ఒక్కోదాన్ని ఒక్కో వేగంతో జరుపుతారు. డిస్నీ వాళ్లు ఇలాంటి మిషను 1937లో వాడారు.

గోడకి అచ్చం మనిషి ఆకారంలో కన్నం పడటం, వీపు వెనక నుంచి పెద్ద సుత్తి తీయడం, కరెంటు కొడితే ఎముకలగూడు కనిపించడం, నెత్తిమీద కమ్మరి దాగలి పడబోతుంటే నేల మీద నీడ పెద్దదవుతూ రావడం... వీటికి నేను వివరం రాయక్కర్లేదు, మీరే నాకు చెప్పగలరు. తల చుట్టూ చుక్కలు, ఐడియా వస్తే బల్బు వెలగడం మాత్రం అచ్చు బొమ్మల కథల్లోనూ ఉంటాయి. కాగితం మీద బొమ్మ కదలదు, మాట్లాడదు, అందుకని గుర్తులు పెట్టుకున్నారు. షించాన్, డోరేమాన్ జపాన్‌వి కాబట్టి వాటిలో గుర్తులు వేరు. టెన్షన్ పడితే తల పక్కన పెద్ద చెమట బొట్టు, నిద్రపోతే ముక్కుకి బుడగ.

ఒక్క జోకు మాత్రం వదల్లేను. కయోటీ కొండకి నల్లరంగుతో సొరంగం గీస్తాడు, పక్షి వచ్చి గుద్దుకుంటుందని. పక్షి హాయిగా ఆ బొమ్మలోంచి దూసుకుపోతుంది. వీడు ఆశ్చర్యపోయి తనూ పరిగెడతాడు, ఢామ్మని గోడకి కొట్టుకుంటాడు. నా లెక్కన కార్టూన్లన్నిట్లో ఇదే గొప్ప జోకు. ఆ ప్రపంచంలో నియమాలు ఎవడు మోసం చెయ్యబోతే వాడి మీదే తిరగబడతాయి. ఇంకోటి కూడా ఉంది, అది పెయింటర్లకి మాత్రమే తెలుస్తుంది. నేను గోడల మీద తలుపులు, కిటికీలు ఎన్ని గీశానో, ఒక్కడూ లోపలికి పోబోయి తల బొప్పి కట్టించుకోలేదు. ఆ కయోటీ చేతిలో ఎంత పనితనం ఉందో!

పేలుడు తర్వాత మొహం మసి పట్టే జోకు గురించి కూడా చెప్పాలి. పాత టామ్ అండ్ జెర్రీలో కొన్నిచోట్ల ఆ మసి మొహాన్ని నల్లజాతి వాళ్లని వెక్కిరించే బొమ్మగా మార్చేశారు, పెద్ద పెదాలు, జడలు పెట్టి. తర్వాత టీవీలో చాలాచోట్ల ఆ ముక్కలు కత్తిరించారు. మంచి పని చేశారు. ఎప్పుడైనా ఆ ముక్క కంటపడి మీకు నవ్వు రాకపోతే తప్పు మీది కాదు.

తిండి తింటే బలం రావడం పాత కిటుకు. పపాయ్ అనే నావికుడికి పాలకూర, మన ఛోటా భీమ్‌కి లడ్డూ. ఛోటా భీమ్‌ని 2008లో హైదరాబాదు వాళ్లు తీశారు, రాజీవ్ చిలకా అనే ఆయన కంపెనీ. భీమ్ ఎప్పుడూ అదే పంచె ఎందుకు కడతాడని బుజ్జి ఒకసారి అడిగింది. రోజుకో బట్ట అంటే మళ్లీ మొదట్నుంచీ బొమ్మలన్నీ మార్చాలి, ఒకటి. నీడ చూసినా ఎవరో తెలిసిపోవాలి, రెండు. బొమ్మంతా నల్లగా నింపేసి చూడండి, అప్పటికీ గుర్తుపడితే అది మంచి బొమ్మ. మన ఒడిశాలో రావణఛాయ అనే తోలుబొమ్మలాట ఉంది. మన తెలుగు తోలుబొమ్మల్లా రంగులుండవు, కీళ్లు కూడా ఉండవు. తెర మీద నల్లటి నీడ, ఆ అంచు గీతతోనే రాముడెవరో రావణుడెవరో తెలియాలి.

శబ్దం గురించి ఒక్క ముక్క. టామ్ తోక నలిగినప్పుడు వేసే ఆ కేక హన్నా గారిదే, స్వయంగా అరిచి రికార్డు చేశారు. టామ్, జెర్రీ దాదాపు మాట్లాడరు కాబట్టి సంగీతమే మాటలు పలుకుతుంది, వేళ్ల మీద నడిస్తే ఒక్కో అడుగుకీ ఒక్కో స్వరం. మన వీధిలో తెలుగు ఇల్లు, ఒడియా ఇల్లు, సవర ఇల్లు పక్కపక్కనే ఉన్నా టీవీలో ఆ పిల్లి రాగానే అన్ని ఇళ్లలోంచీ ఒకేసారి నవ్వులు వినబడేది అందుకే.

ఇక మీరు చెయ్యాల్సిన పని. అట్ట గట్టిగా ఉన్న నోటుబుక్కు తీసుకోండి. చివరి పేజీ కింది మూల నుంచి మొదలుపెట్టి ముందుకు రండి, అలా అయితే కింది బొమ్మ లీలగా కనబడుతుంది, దాన్ని చూసుకుంటూ గీయొచ్చు. పై నుంచి పడే బంతి వెయ్యండి. పైన ఉన్నప్పుడు బంతులు దగ్గరదగ్గరగా, కిందికి వచ్చేకొద్దీ ఎడంగా. నేలకి తగిలే పేజీలో ఒక్కదాంట్లోనే చప్పిడి చెయ్యండి, రెండు పేజీల్లో చేస్తే జిగురులా అంటుకున్నట్టు ఉంటుంది. ఒక ముప్ఫై పేజీలు చాలు. దసరాకి వచ్చేటప్పుడు పట్టుకురండి, బంతి ఎక్కడ తడబడిందో చూద్దాం. పాత బుక్కులే వాడండి, ఒడియా కాపీబుక్కు పాడుచేశారంటే మీ అమ్మ మీకంటే ముందు నన్ను తిడుతుంది.

ఇట్లు
మీ తాతయ్య