హెచ్‌ఐవీ రాని రక్తం ఉంటుందా? హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ ఓపీలో నేను వినే అపోహలు

"రొయ్యల్లో ఎస్‌పీఎఫ్ సీడ్ ఉన్నట్టు, మనుషుల్లో కూడా హెచ్‌ఐవీ రాని రకం ఉంటుందటండీ, నిజమేనా డాక్టరు గారూ?"

భీమవరం వైపు ఆక్వా రైతు ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. సీడ్ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఎస్‌పీఎఫ్ అంటే ఫలానా రోగాలు లేని సీడ్ అనే గానీ, రోగాలు రాని సీడ్ అని కాదు. చెరువులోకి తెల్లమచ్చ వైరస్ దిగితే అదీ పోతుంది. మనుషుల్లో మాత్రం హెచ్‌ఐవీని చాలావరకు ఆపగల రకం నిజంగానే ఉంది. కాకపోతే మన గోదావరి జిల్లాల్లో దాని కోసం వెతకడం దండగ.

అపోహ: కొందరి ఒంట్లో హెచ్‌ఐవీ నిలవదు. మనలోనూ అలాంటివాళ్లు ఉంటారు.

వాస్తవం: కాలువ లాకులో పడవ దాటాలంటే ముందు ఒక తలుపు, తర్వాత రెండోది తెరుచుకోవాలి కదా. తెల్ల రక్తకణంలోకి దూరడానికి హెచ్‌ఐవీకీ అంతే. మొదటిది సీడీ4, రెండోది ఎక్కువగా సీసీఆర్5. ఈ సీసీఆర్5 జన్యువులో 32 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయిన రకం ఒకటుందని 1996లో బయటపడింది. అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా అదే వస్తే, కణం మీద రెండో తలుపే ఉండదు. ఉత్తర ఐరోపా మూలాలున్నవాళ్లలో నూటికి ఒకరు ఇలా ఉంటారు. భారతీయుల్లో దాదాపు లేరనే చెప్పాలి. ఉన్నవాళ్లకూ పూర్తి భరోసా లేదు. సీఎక్స్‌సీఆర్4 అనే ఇంకో తలుపు వాడుకునే వైరస్‌లు ఉన్నాయి.

"బెర్లిన్ పేషెంట్" టిమోతీ రే బ్రౌన్ సంగతి యూట్యూబ్‌లో చూసి వచ్చేవాళ్లు కొందరు. ఆయనకు బ్లడ్ క్యాన్సర్ కూడా ఉంది. 2007లో ఇలాంటి జన్యువున్న దాత మూలకణాలు ఎక్కించారు. హెచ్‌ఐవీ పోయింది. 2020లో ఆయన చనిపోయింది తిరగబెట్టిన క్యాన్సర్‌తో. ఆ మార్పిడే ప్రాణాల మీదికి తెస్తుంది కాబట్టి, రోజుకో మాత్రతో అదుపులో ఉండే జబ్బుకు ఎవరూ చెయ్యరు.

అపోహ: ఎనిమిదేళ్లు కాపురం చేసినా ఆవిడకు రాలేదంటే ఆవిడ రక్తం గట్టిది.

వాస్తవం: నాకు బాగా టెన్షన్ పెట్టే మాట ఇదే. భర్తకు పాజిటివ్, భార్యకు నెగటివ్ రావడం మేం తరచుగా చూసేదే. మందులు వాడని భర్త నుంచి భార్యకు ఒక కలయికలో సోకే అవకాశం సగటున పదివేలకు ఎనిమిది. కానీ ఆ లెక్క ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది. సోకిన కొత్తలో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, బాగా పెరుగుతుంది, అప్పుడు ఇంకా ఎక్కువ. ఇన్నాళ్లూ రాలేదన్నది రేపటికి హామీ కాదు. ఆయన క్రమం తప్పకుండా మాత్రలు వేసుకుని, రిపోర్టులో వైరస్ కనిపించని స్థాయిలోనే ఉంటే, కలయిక ద్వారా ఆవిడకు సోకదు. ఆవిడను కాపాడేది ఆ మాత్రే. "మా కోడలికి ఏం కాదండీ, వాళ్లది గట్టి వంశం" అని ఒక అత్తగారు పరీక్షే వద్దన్నారు. ఆవిణ్ణి ఒప్పించడానికి మూడు విజిట్లు పట్టింది.

అపోహ: 'ఓ' బ్లడ్ గ్రూపు వాళ్లకు రాదు.

వాస్తవం: అందరికీ వస్తుంది. బ్లడ్ గ్రూపు జన్యువు 9వ క్రోమోజోమ్ మీద ఉంటే, సీసీఆర్5 మూడోదాని మీద ఉంది, రెంటికీ సంబంధం లేదు.

అపోహ: మేనరికం వల్లే పిల్లాడికి వచ్చింది.

వాస్తవం: తలసీమియా లాంటి వాటికి మేనరికాన్ని తప్పుపట్టొచ్చు. హెచ్‌ఐవీ వంశపారంపర్యం కాదు, తల్లి నుంచి గర్భంలోనో, కాన్పులోనో, పాల ద్వారానో సోకుతుంది. తల్లికి వేళకు మందులు, బిడ్డకు సిరప్ ఇస్తే చాలావరకు ఆపగలం.

అపోహ: ఏళ్ల తరబడి మందుల్లేకుండా బాగానే ఉన్నాను, నాకు మాత్రలెందుకు?

వాస్తవం: మందు లేకపోతే ఎయిడ్స్ దశకు రావడానికి సగటున పదేళ్లు పడుతుంది. కొందరికి ఇంకా త్వరగా, కొందరికి ఆలస్యంగా. ఈ తేడాలో హెచ్ఎల్ఏ జన్యువుల పాత్ర పెద్దది. సోకిన కణాన్ని రక్షణ వ్యవస్థకు పట్టిచ్చేవి అవే. బీ57, బీ27 రకాలున్నవాళ్లలో జబ్బు మెల్లగా ముదురుతుంది, బీ35లో కొన్ని రకాలుంటే త్వరగా. మందు లేకుండానే వైరస్‌ను అణిచిపెట్టేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. మీరు ఆ ఒక్కరని మీకెవరు చెప్పారు? 2017 నుంచి మన దేశంలో రక్తంలో సీడీ4 కణాల లెక్క ఎంతున్నా మందు మొదలుపెడుతున్నాం.

అపోహ: ఒకే మాత్ర అందరికీ ఒకేలా పనిచేస్తుంది.

వాస్తవం: ఇక్కడ తప్పు నాది. ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందు ఇచ్చే రోజుల్లో, రాత్రిళ్లు చెరువు కాపలా ఉండే ఒకతను "గట్టు మీద నడుస్తుంటే కళ్లు తిరుగుతున్నాయండీ, పాడు కలలు" అన్నాడు. తాగొచ్చావా అని కసిరాను. ఆ మందును విరిచే సీవైపీ2బీ6 ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే మందకొడిగా ఉంటుంది, మందు రక్తంలో పేరుకుపోతుంది. అతని జన్యువు మేం పరీక్షించలేదు గానీ, మందు మార్చాక కళ్లు తిరగడం ఆగింది. చుక్క ముట్టని మనిషని తర్వాత తెలిసింది.

అబాకవిర్ అనే ఇంకో హెచ్‌ఐవీ మందు కథ ఇంకా విచిత్రం. వైరస్‌ను అణిచే బీ57లోనే 5701 అనే రకం ఉన్నవాళ్లలో సగం మందికి ఈ మందు పడదు. మొదటి ఆరు వారాల్లో జ్వరం, దద్దుర్లు, వాంతులు, ఆయాసం కలిసి వస్తే అదే రోజు సెంటర్‌కు రండి. పడలేదని తేలి ఆపేసిన అబాకవిర్‌ను ఎవరు చెప్పినా మళ్లీ వేసుకోకండి, రెండోసారి ప్రాణం తియ్యగలదు. అందుకే మిగిలిన మాత్రలు కూడా సంచిలో వేసి తెమ్మంటాను.