పాలపళ్ళ పుచ్చు వెనక ఎనభై ఏళ్ళ కథ

యూరప్‌లో రోమా పిల్లల పళ్ళ మీద జరిగిన సర్వేల్లో ఒక తీరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. పుచ్చిన పళ్ళు ఎక్కువ, వాటిలో సిమెంట్ పెట్టించుకున్నవి బాగా తక్కువ. ఈ రెండూ వేర్వేరు సంగతులు. పన్ను పుచ్చడానికి తీపి తిండి, రాత్రి నోట్లో పెట్టుకుని నిద్రపోయే పాలసీసా, సరిగ్గా తోమకపోవడం కారణం కావచ్చు. పుచ్చిన పన్ను పట్టించుకునే దిక్కు లేక చివరికి పీకేయాల్సి వచ్చిందంటే మాత్రం మధ్యలో డాక్టరు లేడనే అర్థం. 'వాళ్ళకి అవగాహన లేదు' అనే మాట మొదటిదానికి కొంతవరకు సరిపోతుంది. రెండోది అర్థం కావాలంటే చరిత్రలోకి వెళ్ళాలి. మధ్య యూరప్‌లోని స్లొవేకియాలో ఆ చరిత్ర తేదీలతో సహా దొరుకుతుంది.

రోమా అంటే మన పత్రికల్లో జిప్సీలుగా కనిపించేవాళ్ళే. వాళ్ళ పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ళ కిందట వాయవ్య భారతం నుంచి వెళ్ళారని వాళ్ళ భాషే చెబుతుంది. దాంతో మనకి వాళ్ళ మీద ఒక చుట్టరికపు ఆసక్తి ఉంటుంది కానీ, అది చాలాసార్లు లంబాడీల దుస్తులతో పోల్చి చూడటం దగ్గరే ఆగిపోతుంది.

1941 ఏప్రిల్‌లో, హిట్లర్ పక్షాన ఉన్న స్లొవాక్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పెద్ద రోడ్ల పక్కనున్న రోమా ఇళ్ళు తీసేయాలి, ఊరి అధికారులు చూపించిన దూరపు చోటికి మార్చాలి. అలా చూపించిన చోటు వాగు ఒడ్డో, అడవి అంచో, ఎవరికీ అక్కర్లేని నేలో. తర్వాతి దశాబ్దాల్లో ఊళ్ళకి నీటి పైపులు వచ్చాయి. చాలాచోట్ల అవి ఊరి చివర ఆగిపోయాయి, రోమా వాడ దాకా రాలేదు. యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల సంస్థ 2016లో తొమ్మిది దేశాల్లో సర్వే చేస్తే, రోమాల్లో ప్రతి ముగ్గురిలో ఒకరి ఇంట్లో కుళాయి లేదని తేలింది. చలికాలంలో బయటి నుంచి మోసుకొచ్చిన నీళ్ళు ముందు వంటకి పోతాయి, తర్వాత బట్టలకి. పళ్ళు తోమడం వరసలో ఎక్కడుంటుందో చెప్పక్కర్లేదు.

అదే యుద్ధకాలంలో జరిగిన ఇంకో దారుణానికి నేరుగా పిల్లల నోటితోనే సంబంధం ఉంది. 1943 ఫిబ్రవరిలో నాజీలు ఆష్విట్జ్-బిర్కెనావ్‌లో రోమా, సింతీ (రోమాల్లోనే జర్మన్ ప్రాంతాల శాఖ) కుటుంబాల కోసం విడిగా ఒక శిబిరం తెరిచారు. దాదాపు 23,000 మందిని తెచ్చారు. వాళ్ళలో 21,000 మంది దాకా చనిపోయారు. ఆకలికి ఎండిపోయిన పిల్లల్లో నోమా పుట్టింది. పంటి చిగుళ్ళ దగ్గర చిన్న పుండుగా మొదలై చెంపని కొరుక్కుతినే జబ్బు అది. సరైన తిండి, శుభ్రత ఉన్నచోట సాధారణంగా కనిపించదు. శిబిరం డాక్టరు జోసెఫ్ మెంగెలేకి మాత్రం అది పరిశోధనకి దొరికిన అవకాశం. ప్రాగ్‌కి చెందిన పిల్లల వైద్యుడు బెర్తోల్డ్ ఎప్‌స్టైన్ అక్కడ యూదు ఖైదీ. ఆ పని ఆయనకి అప్పగించారు. మెంగెలే ఆజ్ఞ మీద కొందరు పిల్లల్ని చంపి, అవయవాల్నీ తలల్నీ జాడీల్లో పెట్టి ఆస్ట్రియాలోని గ్రాజ్ వైద్య అకాడమీ లాంటి చోట్లకి పంపారు. 1944 ఆగస్టు 2 రాత్రి శిబిరంలో మిగిలిన నాలుగు వేల మందికి పైగా గ్యాస్ గదుల్లో పోయారు.

స్లొవేకియా రోమాల్లో ఎక్కువమంది ఆ శిబిరం దాకా వెళ్ళలేదు. చెక్ ప్రాంతపు రోమాలు మాత్రం దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. యుద్ధం తర్వాత అక్కడి ఫ్యాక్టరీలకి పనికోసం వెళ్ళినవాళ్ళు చాలావరకు స్లొవేకియా వాడలవాళ్ళే.

యుద్ధం తర్వాత చెక్, స్లొవాక్ ప్రాంతాలు కలిసి ఉన్న చెకోస్లొవేకియాలో వచ్చిన కమ్యూనిస్టు పాలన రోమాల మీద పెత్తనమే చేసింది. 1958లో సంచార జీవనాన్ని నిషేధించింది, 1965లో వాడల్ని కూల్చి జనాన్ని చెల్లాచెదురుగా పంపే పథకం పెట్టింది. అయినా పళ్ళ విషయంలో ఒక మంచి జరిగింది. వైద్యం ఉచితం, డెంటిస్టు బడి పిల్లల్ని వరసగా చూసేవాడు. అపాయింట్‌మెంట్ టెన్షన్ అమ్మానాన్నలకి ఉండేది కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడం కూడా 1958లో చెక్ ప్రాంతంలోని తాబోర్ పట్టణంలో మొదలుపెట్టారు. (నల్గొండ వాళ్ళకి ఈ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. కానీ లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా ఉంటే అది పంటికి బలమే. నల్గొండలో ముంచింది దాని మోతాదు.) పైపే రాని వాడకి ఆ ఫ్లోరైడూ రాలేదు.

1989లో ఆ పాలన పోయాక ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు ముందు ఊడినవి రోమాల ఉద్యోగాలే. దంతవైద్యం ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళింది, బడి డెంటిస్టు మాయమయ్యాడు. ఇప్పుడు పిల్లాణ్ణి తీసుకెళ్ళే పని తల్లిది. ఫోన్ చేయాలి, తేదీ తీసుకోవాలి, బస్సు ఖర్చు పెట్టుకోవాలి. 2003లో స్లొవేకియాలో డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ 20 క్రౌన్ల (అప్పటి అక్కడి డబ్బు) ఫీజు పెట్టారు, మూడేళ్ళకి దాన్ని దాదాపు ఎత్తేశారు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి ఏడాదికి రెండుసార్లు పంటి పరీక్ష బీమా కిందే జరుగుతుంది. కాగితం మీద అది బాగానే ఉంది.

ఆ తల్లి ఎందుకు వెనకాడుతుందో కూడా చూడాలి. చెకోస్లొవేకియాలో 1970ల నుంచి రోమా స్త్రీలకి సరైన సమ్మతి లేకుండా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. 1993లో ఆ దేశం చెక్, స్లొవేకియాలుగా విడిపోయాక కూడా అవి ఆగలేదు. 2000లో జరిగిన ఒక ఆపరేషన్ కేసులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2011లో స్లొవేకియాని తప్పుపట్టింది. స్లొవాక్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2021లో. అలాంటి ఆసుపత్రి గుమ్మం దాటిన అమ్మమ్మలున్న ఇంట్లో, తెల్లకోటు చూస్తే పిల్లల కంటే ముందు పెద్దలే బిగుసుకుపోతారు. దీన్ని మూఢత్వం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అందుకే ఈమధ్య కాస్త ఫలితమిచ్చిన ప్రయత్నం వాడలోంచే మనిషిని ఎంచుకోవడం. రుమేనియాలో 2002 నుంచి రోమా ఆరోగ్య మధ్యవర్తులు ప్రభుత్వ ఉద్యోగులు. స్లొవేకియాలో ఆరోగ్య శాఖ కింద 'జ్ద్రావే రెగియోనీ' అనే సంస్థ ఇలాంటివాళ్ళని పెడుతోంది. వాళ్ళు ఇళ్ళకి వెళ్తారు, బ్రష్ పట్టడం నేర్పుతారు, తేదీ తీసుకుని డాక్టరు దాకా తోడెళ్తారు. కానీ పన్నుకి సిమెంట్ పెట్టేది డెంటిస్టు, వాడకి పైపు వేయించేది ఊరి మునిసిపాలిటీ. ఆ రెండు పనులూ మధ్యవర్తి జాబితాలో లేవు.