ఎవరది అని అడిగేంత సేపు

చిట్టితల్లికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

దీపావళి నాడు మీరు రీళ్ళ తుపాకీతో మేడ మీద పరుగులు పెడుతుంటే డాలస్ నుంచి మీ బాబాయి వీడియో కాల్ చేశాడు, గుర్తుందా? చిన్నోడి చేతిలో తుపాకీ చూసి, "మా పక్కింటాయన దగ్గర నిజమైనదే ఉందిరా, చొక్కా కింద నడుముకు పెట్టుకుని కూరగాయలకు వెళ్తాడు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చిన్నోడు నన్ను అడిగాడు, "తాతయ్యా, దొంగొస్తే ఆయన కాల్చేయొచ్చా? మరి మనమో?" అని. ఒకపక్క టపాకాయల మోత, ఇంకోపక్క మీ నాయనమ్మ అన్నానికి పిలుపు. తర్వాత చెప్తానన్నాను. మీరు మియాపూర్ వెళ్ళిపోయారు. ఇచ్చిన మాట ఉండిపోయింది కాబట్టి రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళు కోర్టులో గుమాస్తాగా పనిచేశాను. వకీలును కాను. కానీ ఇలాంటి కేసుల కట్టలు చాలా మోశాను, చాలా చదివాను.

బాబాయి ఉండే టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం తుపాకీ ఉంచుకోదగిన మనిషి లైసెన్స్ లేకుండానే పిస్తోలు దాచి పెట్టుకుని తిరగొచ్చు. మన దగ్గర అలా కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్ లైసెన్స్ ఇవ్వాలి, అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, మామూలు మనిషికి రెండుకు మించి ఉండకూడదు. ఎన్నికలొస్తే చాలామంది తమ ఆయుధాలు స్టేషన్‌లో అప్పజెప్పాలి. పెళ్ళి బరాత్‌లో సరదాకి గాల్లోకి కాల్చి జనం ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ళ దాకా జైలు. అయితే అక్కడైనా ఇక్కడైనా ఒకటి గుర్తుపెట్టుకోండి. నడుముకు పెట్టుకునే హక్కు వేరు, కాల్చే హక్కు వేరు. మొదటిది కాగితం మీద దొరుకుతుంది. రెండోది ఏ ఆఫీసూ ముందుగా ఇవ్వదు.

మరి అది ఎప్పుడు వస్తుంది? నా చేతికర్ర సంగతి చెప్తాను. పొద్దున్నే నేను కర్ర పట్టుకుని వాకింగ్‌కి వెళ్ళేది కాళ్ళ నొప్పులకు కాదు, నల్లకుంట కుక్కల కోసం. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక గోధుమరంగు కుక్క ఉంటుంది. అది పడుకున్న చోటి నుంచే మొరుగుతుంది. మొరిగితే నేను కర్ర ఎత్తను. మొరగడమంటే మనుషుల్లో తిట్లలాంటిది. ఎంత నోటికొచ్చినట్టు తిట్టినా, ఒట్టి తిట్లకు ఆయుధం తీయడం ఆత్మరక్షణ కాదు. టెక్సస్ చట్టం కూడా, రెచ్చగొట్టే మాటలు మాత్రమే అయితే బలం వాడడం చెల్లదనే అంటుంది.

ఒకరోజు అది పళ్ళు బయటపెట్టి నా మీదికి ఉరికింది. అప్పుడు కర్ర ఎత్తాను. అది కరిచేదాకా, పిక్క ఊడేదాకా ఆగాలా? అక్కర్లేదు. ఒంటికి ప్రమాదమన్న భయం నిజంగా, సబబుగా కలిగిన క్షణం నుంచే ఆ హక్కు మొదలవుతుందని మన చట్టం చెబుతుంది. కర్ర చూసి అది తోక ముడిచి వెనక్కి తిరిగింది. అప్పుడు నేను వెంటపడి దాని నడుము మీద ఒక్కటి వేశాననుకోండి, అది రక్షణ కాదు, కసి. భయం ఉన్నంతసేపే హక్కు. భయం పోయిన మరుక్షణం హక్కూ పోతుంది. పారిపోతున్న దొంగ వీపు మీద కాల్చినవాళ్ళ కేసులు చాలావరకు చిక్కుపడేది ఇక్కడే.

దాని పిల్లలు కాళ్ళకు చుట్టుకుని కొరకబోతే కర్ర తీస్తానా? చెప్పుతో అదిలిస్తే చాలు. అవసరానికి మించి దెబ్బ కొట్టకూడదు. ఇంటివాళ్ళ కుక్కయితే, యజమాని గుమ్మంలోనే ఉంటే, ముందు ఆయన్ను కేకేస్తాను. అలాగే పోలీసులను పిలిచే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కే ఉండదని చట్టంలో రాసి ఉంది. నా మీదికి కాకుండా పేపరు వేసే పిల్లాడి మీదికి ఉరికినా కర్ర ఎత్తొచ్చు. ఇతరుల ప్రాణం కోసం కూడా అదే హక్కు. పారిపోవాలా అంటారా? కుక్క ముందు పరిగెత్తితే ఏమవుతుందో మీకు తెలుసు. మన సుప్రీంకోర్టు కూడా, దాడికి గురైనవాడు పిరికివాడిలా పారిపోవాలని చట్టం అడగదని చెప్పింది. గేటు తెరిచి ఉంటే మాత్రం నేను లోపలికి వెళ్ళిపోతాను. అందులో పిరికితనం ఏమీ లేదు.

ఈ నియమాలన్నీ 1860 నాటి శిక్షాస్మృతిలో ఉండేవి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లలోకి వచ్చాయి, దాదాపు మార్పు లేకుండా. ఎదుటివాడి ప్రాణం పోయేంత దెబ్బ ఎప్పుడు కొట్టవచ్చో కూడా వాటిలో ఉంది. చంపుతాడనో, ఘోరంగా గాయపరుస్తాడనో భయం ఉన్నప్పుడు. అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి లాంటి వాటిని ఆపడానికి. సొత్తు విషయంలో దోపిడీకి, పొద్దుగూకాక ఇల్లు పగలగొట్టి చొరబడడానికి, కాపురమున్న ఇంటికి నిప్పు పెట్టడానికి. పగలు జేబు కొట్టేసినవాడిని, మామిడికాయలు కోసుకుపోయినవాడిని ప్రాణం తీసే హక్కు మనకెవరికీ లేదు.

ఇంతవరకు కర్ర పోలిక సరిపోయింది. ఇక సరిపోదు. ఎత్తిన కర్రను గాల్లో ఆపవచ్చు. పిస్తోలు గుండును ఎవరూ ఆపలేరు. ఆ తేడా నాకు తొమ్మిదేళ్ళప్పుడు తెలిసింది.

అప్పుడు మేం కాచిగూడ స్టేషన్‌కి దగ్గర్లో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. వెనక పెరడు, పెరట్లో బావి, జామచెట్టు. గోడ మోకాలు కంటే కొంచెం ఎత్తు, అంతే. మా ఇంట్లో గడియారం చెడిపోయినా మా అమ్మకు లోటు తెలిసేది కాదు. రైలు కూతను బట్టి పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆ కూతల్లో ఏది మీటర్ గేజ్ బండిదో ఏది షంటింగ్ ఇంజన్‌దో నాకూ మా అన్నకూ పందేలు. గెలిచినవాడికి జామకాయలో పెద్దముక్క.

ఆ వారం మా గల్లీలో రెండిళ్ళలో ఇత్తడి బిందెలు పోయాయి. మా బాపు రోకలి తెచ్చి మంచం పక్కన పెట్టుకున్నాడు. ఒక అర్ధరాత్రి కరెంటు లేదు. పెరట్లో ధబ్‌మని చప్పుడైంది. బాపు లేచి రోకలి తీసుకుని వెనక దర్వాజ పక్కన నిలబడ్డాడు. అమ్మ మమ్మల్నిద్దరినీ కొంగు కిందికి లాక్కుంది. జామచెట్టు నీడలోంచి ఒక మనిషి ఆకారం, భుజాన మూటతో, మెల్లగా దర్వాజ దగ్గరికి వచ్చింది. రోకలి పైకి లేవడం నేను చూశాను. దించే ముందు బాపు, గొంతు పెగలక పెగలక, "ఎవరది?" అన్నాడు.

"నేనే అన్నా" అంది ఆ ఆకారం. మా చిన్నబాపు. మహబూబ్‌నగర్ నుంచి రావాల్సిన బండి గంటల తరబడి ఆలస్యమైందట. మా నిద్ర చెడగొట్టడమెందుకని గోడ దూకాడు. భుజాన మూటలో మా కోసం తెచ్చిన సీతాఫలాలు. బాపు రోకలి వదిలేసి మెట్టు మీద కూలబడ్డాడు. తెల్లారి అమ్మ టీ ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయాడు, చేతులు అంతగా వణికాయి. తర్వాత రోకలి వంటింటికి తిరిగి వెళ్ళింది. గోడ మాత్రం పెంచారు.

చాలా ఏళ్ళకు, కోర్టులో పనిచేస్తున్నప్పుడు, పాత శిక్షాస్మృతిలో ఒక చోట నా చెయ్యి ఆగిపోయింది. ఒక ఉదాహరణ ఇచ్చారు అందులో. ఒకతను తనకు హక్కున్న ఇంట్లోకి రాత్రిపూట వస్తాడు. ఇంకొకతను అతన్ని ఇల్లు పగలగొట్టే దొంగ అనుకుని, మంచి మనసుతోనే, మీద పడి కొడతాడు. కొట్టినవాడిది నేరం కాదు. దెబ్బ తినేవాడికి తిరిగి కొట్టే హక్కు కూడా పూర్తిగా ఉంటుంది. అంటే ఆ చీకట్లో మా బాపు తప్పు లేదు, మా చిన్నబాపు తప్పు లేదు, అయినా ఇద్దరిలో ఎవరి ప్రాణమైనా పోయి ఉండేది. కొత్త సంహితలో కూడా అదే ఉదాహరణ ఉంది. అది చదివినప్పుడల్లా నాకు జామచెట్టు కనిపిస్తుంది.

అదే పుస్తకంలో ఇంకొకటి ఉంది. ఒక మనిషిని గుంపు చంపబోతోంది. కాల్చకపోతే అతను బతకడు, ఆ గుంపులో చిన్నపిల్లలు ఉన్నారు. కాల్చి వాళ్ళకు దెబ్బ తగిలినా అతనిది నేరం కాదని రాశారు. అది నేను మీకు విడమరచి చెప్పలేను. ఎన్నిసార్లు చదివినా పుస్తకం మూసి కాసేపు కూర్చోవాల్సి వచ్చింది.

1991లో పంజాబ్‌లోని ఒక పల్లెలో పొలం దగ్గర గొడవ జరిగింది. ఒకాయన తల మీద గండాసా, అంటే పొడుగు పిడి గొడ్డలిలాంటి ఆయుధం, దెబ్బ పడింది. ఆయన కొడుకు లైసెన్స్ తుపాకీతో కాల్చాడు, కొట్టినవాడు చనిపోయాడు. కింది కోర్టు వదిలేసింది, హైకోర్టు శిక్ష వేసింది, చివరికి 2010లో సుప్రీంకోర్టు అది ఆత్మరక్షణేనని నిర్దోషిగా వదిలేసింది. రెప్పపాటులో జరిగినదాన్ని తేల్చడానికి 18 ఏళ్ళు పైనే పట్టింది. ఆ క్షణంలో మనిషి ఎంత బలం వాడాడో బంగారం తూచే త్రాసులో తూచకూడదని మన న్యాయమూర్తులు ఎన్నో తీర్పుల్లో చెప్పారు. దయగల మాట అది. భయపడ్డవాడికి గురిగింజ ఎత్తు తేడా కనిపించదు కదా. కానీ కాల్చినవాడు ఆ ఏళ్ళన్నీ తనను తాను ఏ త్రాసులో తూచుకుని ఉంటాడో అని నాకు అనిపిస్తుంది.

కాబట్టి చిన్నోడా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. వేరే దారి, వేరే వ్యవధి ఏదీ మిగలనప్పుడు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, అక్కడి ఆయనైనా ఇక్కడి మనమైనా తప్పు చేసినట్టు కాదు. ఆ వ్యవధి ఏమాత్రం ఉన్నా దాన్ని "ఎవరది?" అని అడగడానికి వాడాలి. చొక్కా కింద దాచిన పిస్తోలు ఆ వ్యవధిని మింగేస్తుందని నా భయం. అది చేతికి అంత దగ్గరగా ఉంటుంది, వేలు అంత తేలిగ్గా కదులుతుంది. బాబాయి పక్కింటాయన మంచివాడే అయి ఉంటాడు. మా బాపు కూడా మంచివాడే.

ఈ ఆదివారం రాత్రి అమ్మకు చెప్పి హాల్లో లైట్లన్నీ ఆర్పేయండి. చిట్టితల్లి సోఫా వెనక నిలబడాలి. నాన్నో, అమ్మో, చిన్నోడో ఎవరో ఒకరు, ఎవరన్నది ముందు చెప్పకుండా, వంటింటి వైపు నుంచి చప్పుడు చేయకుండా నడిచి రావాలి. మాట్లాడకూడదు. వస్తున్నది ఎవరో అడుగుల చప్పుడు బట్టి, ఊపిరి బట్టి తెలిసేదాకా చిట్టితల్లి మనసులో అంకెలు లెక్కపెట్టాలి. తర్వాత చోట్లు మార్చుకోండి. ఎవరిని ఎన్ని అంకెలకు గుర్తుపట్టారో, ఎవరిని ఇంకెవరో అనుకున్నారో ఒక కాగితం మీద రాసి నాకు పంపండి.

మీ తాతయ్య
నల్లకుంట, హైదరాబాద్