వాడని కంప్యూటరు తినే కరెంటు: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో కంప్యూటరు పొద్దస్తమానం వెలుగుతూనే ఉంటోంది. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు భోజనానికి లేచినా, బజారుకు వెళ్లినా దాన్ని అలాగే వదిలేస్తారు. ఎందుకని అడిగితే చెప్పే కారణాలు చాలావరకు పాతకాలం యంత్రాలవి.

అపోహ: మానిటరు ఆపితే చాలు, ఖాళీగా ఉన్న సీపీయూ పెద్దగా ఖర్చు పెట్టదు.

మామూలు డెస్క్‌టాప్ సీపీయూ ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నా 40 నుంచి 80 వాట్లు లాగుతుంది. మానిటరుది 15 నుంచి 30. అంటే చిన్నదాన్ని ఆపి పెద్దదాన్ని వదిలేస్తున్నాం. 60 వాట్ల సీపీయూ రోజుకు 10 గంటలు అలా పడి ఉంటే నెలకు 18 యూనిట్లు. అదే స్లీప్‌లో, అంటే తెరిచిన పని అలాగే ఉండి యంత్రం నిద్రపోయే స్థితిలో ఉంటే 3 వాట్ల లెక్కన 1 యూనిట్ కూడా కాదు. మిగిలే ఆ 17 యూనిట్లు బిల్లులో పై శ్లాబు నుంచే తగ్గుతాయి. 2022 ఏప్రిల్ టారిఫ్‌లో 226 నుంచి 400 వరకు యూనిట్ 8 రూపాయల 75 పైసలు. ఎండాకాలం ఏసీ వల్ల ఆ శ్లాబులోకి వెళ్లే ఇంటికి ఇది నెలకు దాదాపు 150 రూపాయలు. పైగా సీపీయూ తిన్న కరెంటంతా వేడిగా మారి గదిలోకే వస్తుంది. రోహిణీ కార్తెలో ఆ వేడిని బయటికి తోడే పని కూడా ఏసీ మీదే పడుతుంది.

మీ కంప్యూటరు ఎంత లాగుతుందో మీ మీటరే చెబుతుంది. ఇంట్లో మిగతావన్నీ ఆపి, మీటరు మీద ఎర్ర లైటు ఒక మెరుపుకీ ఇంకో మెరుపుకీ మధ్య ఎన్ని సెకన్లు తీసుకుంటుందో చూడండి. మీటరు మీద యూనిట్‌కు 3200 మెరుపులని రాసి ఉంటే, 1125ని ఆ సెకన్లతో భాగించండి. 15 సెకన్లకు ఒక మెరుపంటే 75 వాట్లు. స్లీప్‌లో ఉన్న రెండు మూడు వాట్లు కొలవడానికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

అపోహ: స్క్రీన్‌సేవర్ కరెంటు ఆదా చేస్తుంది.

చెయ్యదు. పాత డబ్బా మానిటర్ల గాజు మీద బొమ్మ అచ్చు పడకుండా పుట్టిన ఏర్పాటు అది. కదిలే బొమ్మలైతే గ్రాఫిక్స్ చిప్‌కు అదనపు పని. తీసేసి, స్క్రీన్ 5 నిమిషాలకు ఆరిపోయేలా పెట్టండి.

అపోహ: మాటిమాటికీ ఆపి ఆన్ చేస్తే ఎక్కువ కరెంటు లాగుతుంది, పార్టులు పాడవుతాయి.

ఆన్ చేసిన క్షణంలో ఎక్కువ కరెంటు లాగే మాట నిజమే. కానీ అది సెకనులో వందో వంతు సేపు. యూనిట్ల లెక్కకు అందదు. పార్టుల సంగతికొస్తే, తిరిగే పళ్లెం ఉన్న డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులు చాలావాటికి 50,000 సార్లు ఆగి మొదలయ్యే సామర్థ్యం ఉంటుంది. రోజుకు నాలుగుసార్లు ఆపినా 34 ఏళ్లు. తిరిగే పళ్లెమే లేని ఎస్ఎస్‌డీకి ఆ బెంగే లేదు.

అపోహ: స్లీప్‌లో ఉండగా కరెంటు పోతే పనంతా పోతుంది, అందుకే ఆన్‌లో ఉంచడం మేలు.

ఈ భయంలో కొంత నిజం ఉంది. స్లీప్‌లో తెరిచి ఉన్న పనంతా ర్యామ్‌లో, అంటే కంప్యూటరు తాత్కాలిక జ్ఞాపకంలో నిలిచి ఉంటుంది. ర్యామ్‌కు కరెంటు ఆగితే అది చెరిగిపోతుంది. యూపీఎస్ ఉంది కదా అనుకోవడానికీ లేదు. కొన్ని యూపీఎస్‌లు లోడు మరీ తక్కువగా ఉంటే కంప్యూటరే లేదనుకుని, బ్యాటరీ కాపాడుకోవడానికి కొన్ని నిమిషాల్లో తమంతట తామే ఆగిపోతాయి. స్లీప్‌లో ఉన్న సీపీయూ లాగేది మూడు వాట్లే కాబట్టి సరిగ్గా ఇక్కడే దెబ్బ తగులుతుంది.

దీనికి మందు హైబర్నేట్. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులోకి రాసి కంప్యూటరు పూర్తిగా ఆగిపోతుంది. కరెంటు పోయినా, ప్లగ్గు పీకినా ఏమీ కాదు. విండోస్‌లో ఇది మెనూలో కనబడకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమ పక్కన పవర్ బటన్లు ఏం చెయ్యాలో ఎంచుకునే వరుసలోకి వెళ్లండి. పైన ఉన్న నీలి అక్షరాల లింకు నొక్కితే కింది గడులు మార్చడానికి వీలవుతుంది. అక్కడ హైబర్నేట్‌కు టిక్కు పెట్టి సేవ్ చెయ్యండి. 16 జీబీ ర్యామ్ ఉంటే డిస్కులో సుమారు 6 జీబీ చోటు పోతుంది. ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటరు అర నిమిషంలోపే లేస్తుంది.

ఇంకో దారి హైబ్రిడ్ స్లీప్. అదే పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో స్లీప్ కింద ఉంటుంది. కొన్ని కొత్త యంత్రాల్లో కనబడదు. ర్యామ్‌లో ఉంచుతూనే డిస్కులోకి ఒక నకలు రాస్తుంది కాబట్టి కరెంటు పోకపోతే వెంటనే లేస్తుంది, పోయినా పని దక్కుతుంది. డెస్క్‌టాప్‌కు మేము చెప్పే లెక్క ఇది: 15 నిమిషాలకు హైబ్రిడ్ స్లీప్, రాత్రికి హైబర్నేట్.

స్లీప్‌లో పెట్టినా దానంతటదే లేస్తోందంటే ముందు మౌస్‌ను అనుమానించండి. ఫ్యాను గాలికి బల్ల కదిలినా చాలు. డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి కంప్యూటరును లేపే అనుమతి తీసెయ్యండి. కీబోర్డుకు ఉంచండి.

అపోహ: షట్‌డౌన్ చేశాక ఖర్చు సున్నా.

గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపు సీపీయూకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టె లోపల 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా నడుస్తూనే ఉంటుంది. పవర్ బటన్ పనిచేసేది దానివల్లే. అది ఒకటి రెండు వాట్లు. కంప్యూటరు ఆన్ అవుతుండగా కీ నొక్కి తెరిచే బయోస్ సెట్టింగుల్లో ఈఆర్‌పీ (ErP) అనే ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్యండి, ఇంకా తగ్గుతుంది. అసలు దొంగలు పక్కన ఉంటాయి. బ్యాటరీ నిండాక కూడా చాలా యూపీఎస్‌లు 5 నుంచి 10 వాట్లు తింటాయి. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత స్పీకర్లు పాట లేకపోయినా వెచ్చగానే ఉంటాయి. 10 వాట్ల రౌటర్ 24 గంటలు నడిస్తే నెలకు 7 యూనిట్ల పైమాటే.

అపోహ: అలాగైతే అన్నీ ఒకే బోర్డుకు పెట్టి రాత్రికి స్విచ్ కట్టేస్తే సరి.

స్పీకర్లకు, మానిటరుకు, షట్‌డౌన్ లేదా హైబర్నేట్ అయిన సీపీయూకు సరే. ఇంక్‌జెట్ ప్రింటరుకు వద్దు. దాని బటన్ నొక్కి ఆపితేనే ఇంకు చల్లే హెడ్ పక్కకు వెళ్లి మూత కింద కూర్చుంటుంది. మధ్యలో స్విచ్ తీస్తే మూత పడక ఇంకు ఎండిపోతుంది. మన ఎండలకు అది ఇంకా త్వరగా జరుగుతుంది. యూపీఎస్‌ను రాత్రిపూట ఆపవచ్చు. నెలల తరబడి ఊరెళ్లేటప్పుడు మాత్రం నిండా ఛార్జి చేసి ఆపండి, మూడు నెలలకొకసారి మళ్లీ ఛార్జి పెట్టండి. లేకపోతే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ పోతుంది.

అపోహ: స్విచ్ తీశాం కాబట్టి పిడుగు భయం లేదు.

గోడ స్విచ్ ఫేజును మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్, ఎర్తు కలిసే ఉంటాయి. పిడుగు దెబ్బ వాటి మీదుగానూ వస్తుంది. వేసవి సాయంత్రాల గాలివానలకు, అక్టోబరు నవంబరు వాయుగుండాలకు ఉరుము వినబడకముందే ప్లగ్గు పీకెయ్యండి. మీ ఇంటర్నెట్ వీధి స్తంభం దగ్గరి పెట్టె నుంచి రాగి ల్యాన్ తీగ మీద వస్తుంటే దాన్నీ తీసెయ్యాలి. ఫైబర్ అయితే గాజు తీగ కాబట్టి దాన్ని ముట్టుకోనక్కర్లేదు, దాని పెట్టెకు ఉన్న అడాప్టరు పీకితే చాలు.