కార్బురేటర్ కాలం చిట్కాలు, ఇంజెక్షన్ బళ్లు: మైలేజ్ మీద అపోహలు – వాస్తవాలు

కాకినాడలో మాది టూ వీలర్ రిపేర్ షాపు, అడపాదడపా కార్లు కూడా చూస్తాం. బండి ఏ పనికి వచ్చినా తాళం ఇచ్చేటప్పుడు చెప్పే మాట ఒకటే: "అన్నా, మైలేజ్ రావట్లేదు, కొంచెం చూడు." లీటరు నూరు దాటి చాలా కాలమైంది కాబట్టి అడగడంలో తప్పేం లేదు. కాకపోతే దాంతోపాటు వాళ్లు పాటించే చిట్కాలు కూడా చెప్తుంటారు చూడండి, అక్కడే వస్తుంది తంటా. నాన్న స్కూటరుకి పనికొచ్చిన చిట్కాని మొన్న కొన్న బండి మీద వాడుతుంటారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే పొగ నియమాలు వచ్చాక కొత్త బళ్లలో దాదాపు అన్నిట్లో కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజన్‌కి పంపే పాత పరికరం) పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. పెట్రోలు ఎంత వెళ్లాలో ఇప్పుడు స్క్రూ కాదు, ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. అందుకే కొన్ని చిట్కాలు ఒకప్పుడు నిజమే గానీ ఇప్పుడు కాదు, కొన్ని మాత్రం ఏ కాలంలోనూ నిజం కాదు.

అపోహ: దిగుడులో న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుంది

కార్బురేటర్ బండికి ఇందులో కొంత నిజం ఉండేది. యాక్సిలేటర్ వదిలేసినా గేర్లో ఉన్న ఇంజన్ జోరుగా తిరుగుతూ ఎంతో కొంత పెట్రోలు లాక్కుంటూనే ఉండేది, న్యూట్రల్ చేస్తే నెమ్మదించి కాస్త తక్కువ తాగేది. ఇంజెక్షన్ బండిలో వ్యవహారం తిరగబడింది. గేర్లో ఉంచి యాక్సిలేటర్ పూర్తిగా వదిలేస్తే, ఇంజన్ని చక్రమే తిప్పుతోందని ఈసీయూకి తెలిసిపోతుంది. కార్లలో, చాలా బైకుల్లో కూడా అప్పుడు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఆగిపోతుంది, అంటే ఆ కాసేపు చుక్క పెట్రోలు కూడా ఖర్చవదు. అదే మీరు న్యూట్రల్ చేశారనుకోండి, ఇంజన్ ఆగిపోకుండా ఉండాలంటే మళ్లీ పెట్రోలు పోయాల్సిందే. మిగుల్చుకుందామని చేసిన పని ఖర్చు పెంచుతోందన్నమాట.

డబ్బుల సంగతి పక్కన పెట్టినా, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్లో వదిలేస్తే బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. కాసేపటికి అవి వేడెక్కి, ఎంత తొక్కినా పట్టవు. ఇంకొందరు కారు ఇంజనే ఆపేసి దిగుతారు, వాళ్లకి నిజంగా దండం పెట్టాలి. ఇంజన్ ఆగితే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ అందదు, రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, పొరపాటున తాళం ఇంకాస్త వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాకే పడొచ్చు. సెకండ్ గేర్లో వేసి యాక్సిలేటర్ వదిలేసి దిగండి. పెట్రోలు మిగులుతుంది, మీరూ మిగులుతారు.

అపోహ: ఈ20 వచ్చాక నా మైలేజ్ పూర్తిగా పోయింది

ఈ మధ్య ఎక్కువగా వింటున్నది ఇదే. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఈ20 వల్ల అసలు తేడా లేదన్నవాళ్లదీ తప్పే, అంతా దానివల్లే అన్నవాళ్లదీ తప్పే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే, ఏమీ కలపని పెట్రోలుతో పోలిస్తే శక్తి 6–7 శాతం తగ్గుతుంది. అంతకు ముందు మనం పోయించుకున్న ఈ10తో (పది శాతం కలిపినది) పోలిస్తే తగ్గేది మూడు శాతం పైచిలుకు. 2021లో నీతి ఆయోగ్ వేసిన రోడ్ మ్యాప్‌లో కూడా పాత రకం కార్లకి 6–7 శాతం, టూ వీలర్లకి 3–4 శాతం, ఈ20కి తగ్గట్టు సర్దిన కార్లకి 1–2 శాతం మైలేజ్ తగ్గొచ్చని రాశారు. కాబట్టి 60 ఇచ్చే బండి 58 ఇస్తోందంటే ఈ20ని అనండి, సరే. 60 ఇచ్చేది 42 ఇస్తోందంటే మాత్రం బండిలో ఏదో ఉంది, ఇథనాల్‌ని తిడుతూ కూర్చుంటే అది బయటపడదు.

పాత కార్బురేటర్ బళ్లది ఇంకో గొడవ. ఇథనాల్ మండటానికి గాలి తక్కువ చాలు, ఇంధనం ఎక్కువ కావాలి. ఇంజెక్షన్ బండి సెన్సార్‌తో ఆ తేడా పట్టుకుని సర్దుకుంటుంది, కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు. గాలి ఎక్కువై మిశ్రమం పలచబడి పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ వస్తుంది, మనవాళ్లు గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పంపే చోక్ లాగుతారు, లాగినవాళ్లు దాన్ని మళ్లీ లోపలికి నొక్కడం మర్చిపోయి ఆఫీసు దాకా అలాగే వెళ్లిపోతారు. ఇక మైలేజ్ ఎక్కడుంటుంది? పైగా పాత ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న జిగురుని ఇథనాల్ కరిగించి కార్బురేటర్ జెట్‌లోకి, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రంలోకి తెస్తుంది. అలాంటి బండికి ఒకసారి ట్యాంకు, కార్బురేటర్ శుభ్రం చేయించి, బీటలిచ్చిన రబ్బరు పైపులు మార్పించుకోండి. నెలల తరబడి వాడకుండా పెట్టే బండి ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకండి, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది.

అపోహ: మైలేజ్ పడిపోయిందంటే ఇంజన్ బోరుకొచ్చినట్టే

బోరుకి రావడమంటే ఇంజన్ సిలిండర్ లోపల అరిగిపోవడం, అది రాత్రికి రాత్రి జరగదండి. అలాంటి బండి వస్తే నేను ఇంజన్ జోలికి వెళ్లకముందు మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్లో పెట్టి, వెనక చక్రం చేత్తో గట్టిగా తిప్పుతాను. ఇది మీరు ఇంట్లో కూడా చేయొచ్చు. చక్రం ఒకటి రెండు చుట్లు తేలిగ్గా తిరిగి ఆగితే ఫరవాలేదు. తిప్పిన వెంటనే చర్రుమని ఆగిపోతే బ్రేకు పట్టేస్తోందని అర్థం. డ్రమ్ బ్రేకులో రాడ్డు చివర నట్టు ఎక్కువ బిగించడం వల్ల కావచ్చు, లోపల క్యామ్ తుప్పు పట్టి షూ వెనక్కి రాకపోవడం వల్ల కావచ్చు. బ్రేకు పెడల్‌ని వేలితో నొక్కి చూడండి, రెండు మూడు సెంటీమీటర్లు ఊరికే కిందకి దిగాలి, ఆ తర్వాతే బ్రేకు పట్టాలి. ముందు డిస్క్ ఉంటే క్యాలిపర్ పిన్నులు ఎండిపోయి ప్యాడ్లు రాసుకుంటుంటాయి, ఆ చక్రం కూడా పైకెత్తి తిప్పి చూడాలి. ఇది కాక ఇంకో జబ్బుంది: కుడికాలు ఎప్పుడూ బ్రేకు పెడల్ మీదే ఆనించి నడపడం. అలా నడిపేవాళ్లకి ఆ సంగతి తెలియదు, వెనకాల వచ్చేవాళ్లకి తెలుస్తుంది, బ్రేకు లైటు ఆరదు కాబట్టి.

తర్వాత చైను. మరీ బిగుతుగా ఉన్నా, ఎండి కిర్రుమంటున్నా ఇంజన్ కష్టంలో కొంత అక్కడే పోతుంది. మామూలు వంద సీసీ బళ్లకి చైను మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల ప్లే (వదులు) ఉండాలి, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. సర్వీసులో తీసేసిన నల్ల ఇంజన్ ఆయిలే చైనుకి పోయమని అడిగేవాళ్లున్నారు. వద్దు, అందులో ఇనప రజను ఉంటుంది, చైనుతోపాటు స్ప్రాకెట్ పళ్లు కూడా అరిగిపోతాయి. గేర్ ఆయిల్ కొద్దిగా పూసి, మిగిలింది గుడ్డతో తుడిచేస్తే చాలు.

మూడోది గాలి. ఎంత కొట్టించాలో చైన్ కవర్ మీదో, కార్లో అయితే డ్రైవర్ డోరు తీస్తే పక్కనో స్టిక్కర్ ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు అంతే కొట్టించండి. ఎక్కువ కొడితే మైలేజ్ ఇంకా పెరుగుతుందని నలభై కొట్టించుకునేవాళ్లకి వానాకాలంలో బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది. నైట్రోజన్ కొట్టిస్తే మైలేజ్ వస్తుందా అంటే, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. డబ్బులు మిగుల్చుకోండి, పదిహేను రోజులకోసారి ప్రెజర్ చూయించుకోండి.

అపోహ: ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజ్ దూసుకుపోతుంది

మాకు వ్యాపారం కాబట్టి ఇది నేను చెప్పకూడదేమో! ఇంజెక్షన్ బండిలో ఫిల్టర్ మూసుకుపోతే లోపలికి వెళ్లే గాలి తగ్గుతుంది, దానికి తగ్గట్టు ఈసీయూ పెట్రోలు కూడా తగ్గిస్తుంది. పడిపోయేది పికప్, మైలేజ్ పెద్దగా కాదు. అమెరికాలో ఓక్ రిడ్జ్ ల్యాబ్ వాళ్లు 2009లో కార్ల మీద పరీక్ష చేసి చెప్పింది కూడా ఇదే. కార్బురేటర్ బండికి మాత్రం తేడా తెలుస్తుంది. ఏదైనా ఫిల్టర్ టైముకి మార్చాల్సిందే, ఇంజన్లోకి దుమ్ము వెళ్లకుండా ఆపేది అదే.

బంకు దగ్గరి అపోహలు

తెల్లవారుజామున పోయిస్తే ఎక్కువ పెట్రోలు వస్తుందట. వేడికి పెట్రోలు వ్యాకోచించే మాట నిజమే, పది డిగ్రీలకి సుమారు ఒక శాతం. కానీ బంకులో ట్యాంకు భూమి లోపల ఉంటుంది, పొద్దున్నకీ మధ్యాహ్నానికీ అక్కడ వేడి పెద్దగా మారదు. నూరు, రెండొందలు కాకుండా 110, 210 అని కొట్టిస్తే మోసం జరగదన్నది ఇంకోటి. మీటర్లో మోసం చేసేవాడికి మీరు ఏ అంకె చెప్పినా ఒకటే. అనుమానం ఉంటే, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులో ఉండి తీరాలి, అందులో కొట్టి చూపించమని అడగండి. అడిగే హక్కు మీకుంది. ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్లకి మించి తేడా రాకూడదు.

ఇంకో అలవాటు, నాజిల్ టక్కుమని ఆగాక కూడా బండి ఊపి ఊపి మూతి దాకా పోయించడం. బీఎస్6 బళ్లలో ట్యాంకు ఆవిరిని పట్టుకోవడానికి బొగ్గు నింపిన క్యానిస్టర్ ఒకటి ఉంటుంది, మూతి దాకా పోస్తే పెట్రోలు అందులోకి దిగి అది పాడవుతుంది. తర్వాత స్టార్టింగ్ ట్రబుల్ అని మా దగ్గరికే వస్తారు.

ప్రీమియం పెట్రోలు సంగతి. ఆక్టేన్ అంటే బలం కాదు, ఇంజన్లో ముందే పేలిపోకుండా ఓర్చుకునే గుణం. ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఖరీదైన ఇంజన్లకి అది కావాలి, వాటి మాన్యువల్‌లోనే రాసుంటుంది. వంద సీసీ బండికి ఎక్స్‌పీ100 పోస్తే బంకు వాడు సంతోషిస్తాడు, అంతే.

అపోహ: ఎప్పుడూ టాప్ గేర్లో ఉంటే మైలేజ్

త్వరగా పై గేరుకి వెళ్లడం మంచిదే, కానీ ఇరవైలో టాప్ గేరు వేసి ఇంజన్ దడదడలాడుతుంటే యాక్సిలేటర్ మెలితిప్పేవాళ్లకి లాభం లేదు. బండి వణుకుతోందంటే గేరు తగ్గించండి. అసలు తేడా స్పీడులో ఉంది. గాలి అడ్డుకునే బలం స్పీడుకి వర్గంలో పెరుగుతుంది, నలభైలో ఉన్నదానికి ఎనభైలో నాలుగు రెట్లు. పెట్రోలు పొదుపు మీద పనిచేసే ప్రభుత్వ సంస్థ పీసీఆర్ఏ కూడా 45–55 మధ్య నడపమనే చెప్తుంది. కంపెనీ చెప్పిన మైలేజ్ ఎందుకు రాదంటే, అది ల్యాబులో రోలర్ల మీద, ఒక పద్ధతి ప్రకారం నడిపి కొలిచింది. అక్కడ గతుకులుండవు, ఎదురుగాలి ఉండదు, వెనకాల బావమరిది ఉండడు.

సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్కువ కాలుతుందన్నది కూడా చోక్ లాగి కిక్ కొట్టే రోజుల మాట. భానుగుడి సెంటర్లో అర నిమిషం పైన ఆగాల్సి వచ్చినా, రైల్వే గేటు పడినా ఆపేయండి.

కార్లో ఏసీ వేస్తే మైలేజ్ కొంత తగ్గుతుంది, నిజమే. కానీ హైవే మీద ఎనభైలో వెళ్తూ నాలుగు అద్దాలూ దించితే గాలి లోపల తన్ని ఆ లాభం చాలావరకు పోతుంది. ఊళ్లో అద్దాలు, హైవేలో ఏసీ. మే నెలలో ఈ సలహా ఎవరూ వినరని నాకు తెలుసు.

కలరా ఉండలు, అయస్కాంతాలు, సీసాల్లో అమ్మే మందులు

ట్యాంకులో కలరా ఉండలు వేస్తే మైలేజ్ పెరుగుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. పెరగదు సరికదా, ఫిల్టర్, ఇంజెక్టర్ మూసుకుపోతాయి. పెట్రోలు పైపుకి తగిలించే అయస్కాంతం ఏమీ చేయదు, పెట్రోలు ఇనుము కాదు. కిరసనాయిలు కలిపితే పొగ, నాక్ (ఇంజన్లో టకటక చప్పుడు) తప్ప ఇంకేం రాదు. చిక్కటి ఇంజన్ ఆయిల్ పోస్తే బండికి బలమనుకోవడం కూడా తప్పే. మాన్యువల్‌లో 10డబ్ల్యూ30 అని రాసి ఉంటే అదే పోయండి, చిక్కటిది పోస్తే ఇంజన్ దాన్ని తిప్పడానికే కష్టపడాలి.

కొలిచేదెలా?

పాత బళ్లకి మా మెకానిక్‌లు నూరు మిల్లీల సీసా టెస్టు చేసేవాళ్లు. ట్యాంకు పైపు తీసేసి, సీసా నుంచి కార్బురేటర్‌కి పైపు పెట్టి, ఎక్కడ ఆగిపోతే అక్కడికి లెక్క. మొదలెట్టే ముందు కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు వంపేయకపోతే ఆ లెక్కా తప్పే, కావాలని వంపని మహానుభావులూ ఉన్నారు. కొందరైతే ఆ టెస్టులో మంచి నంబరు చూపించడానికి మిశ్రమం మరీ పలచగా పెట్టేస్తారు, నెల తిరిగేలోపు ఇంజన్ వేడెక్కి వాల్వులు కాలతాయి. ఇంజెక్షన్ బళ్లలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది కాబట్టి ఈ టెస్టు కుదరదు. ఒకే బంకులో, నాజిల్ మొదటిసారి టక్కుమనేదాకా పోయించండి, రెండు మూడొందల కిలోమీటర్లు తిరిగాక అక్కడే మళ్లీ అలాగే పోయించి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. బండి మీటర్లో కనపడే మైలేజ్ అంకె అంచనా మాత్రమే.

ఆఖరుగా మా ఊరి స్పెషల్: యానాం వెళ్లి పోయించుకుంటే లాభం

యానాం పుదుచ్చేరిలో భాగం, పన్ను తక్కువ, లీటరుకి పది రూపాయల పైనే తేడా ఉంటుంది. సరే, లెక్కేద్దాం. కాకినాడ నుంచి రానూ పోనూ సుమారు 60 కిలోమీటర్లు, 55 ఇచ్చే బైకుకి లీటరు పైనే ఖర్చు, అంటే నూరు రూపాయలు పోయినట్టే. ట్యాంకు పది లీటర్లు, అది పూర్తిగా ఖాళీగా ఉన్నా రేటు తేడాలో మిగిలేది నూరూ నూట ఇరవై, అది వెళ్లిరావడానికే సరిపోతుంది. కారైనా కథ ఇంతే, ట్యాంకు పెద్దది, తాగేదీ ఎక్కువే. యానాంలో పనుంటే ఎలాగూ వెళ్తారు కాబట్టి ఫుల్ కొట్టించుకుని రండి. తాళ్లరేవు, ఎదుర్లంక వాళ్లకి ఈ లెక్క వర్తించదు, వాళ్లకి అది పక్క బంకు.