మొక్క వాడాక తగ్గిందా, మొక్క వల్ల తగ్గిందా?

మందు మొక్కల మీద పరిశోధన చేస్తానని చెప్పగానే నాకు రెండు రకాల జవాబులు ఎదురవుతాయి. “పెద్దలు ఎప్పుడో తేల్చేశారు, మీరు కొత్తగా తేల్చేదేముంది?” అనేవారు కొందరు. “ఆకు పసర్లకు కూడా పరిశోధనా?” అనేవారు ఇంకొందరు. పరీక్షించకుండానే తీర్పు చెప్పేయడంలో మాత్రం ఇద్దరూ ఒకటే. నేను తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: ఇన్ని తరాలుగా వాడుతున్నారంటే గుణం ఉన్నట్టే.

నేల ఉసిరి పసరుతో కామెర్లు తగ్గాయని చెప్పేవారు చాలామంది ఉన్నారు. వారు అబద్ధం చెప్పడం లేదు. కానీ హెపటైటిస్-ఎ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ వారాల్లో ఏం తాగినా మంచిపేరు దానికే దక్కుతుంది. అందుకే మేం “తగ్గిందా?” అని అడిగి ఊరుకోం. “తాగనివారితో పోలిస్తే తేడా ఎంత?” అని అడుగుతాం.

ఆ పోలిక కూడా ఒక్కసారి చేస్తే సరిపోదు. హెపటైటిస్-బి వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవారికి నేల ఉసిరి ఇచ్చి చూసిన ఫలితాలు 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మొక్క మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఉపరితల యాంటిజెన్ (ఒంట్లో వైరస్ ఉందని చూపే ప్రోటీన్) కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఈ రంగంలో ఉన్నవారికి నిద్ర పట్టనివ్వని ఫలితం అది. తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో అది మళ్లీ రాలేదు. తేడా మొక్క జాతిలో ఉందా, మందు తయారుచేసిన తీరులో ఉందా, లేక మొదటిసారి కాకతాళీయంగా కలిసివచ్చిందా అని వాదించుకున్నారు. నా మటుకు నేను 60 మందితో ముగిసిన ఏ పరీక్షనైనా ఆరంభంగానే చూస్తాను.

అపోహ: పాత వైద్యం మాటలు పట్టుకుంటే ఒరిగేదేమీ లేదు.

చైనా శాస్త్రవేత్త తు యూయూ 1970ల మొదట్లో మలేరియా మందు కోసం వెతుకుతూ, మాచిపత్రి కుటుంబానికే చెందిన ఒక మొక్క దగ్గర ఆగారు. ఒకసారి పనిచేసిన సారం మరోసారి పనిచేసేది కాదు. అప్పుడు 4వ శతాబ్దపు వైద్యుడు గె హొంగ్ రాసిన వాక్యాన్ని ఆమె మళ్లీ చదివారు. గుప్పెడు ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలన్నది అందులోని మాట. కాచమని ఎక్కడా లేదు! వేడికి గుణం పోతోందేమోనని, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. అలా దొరికిందే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే పాత మాట ప్రతిసారీ ఇంత సూటిగా దారి చూపదు. బిళ్ల గన్నేరును మధుమేహానికి వాడతారని విని, 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దాని సారాన్ని ఎలుకలకు ఎక్కించారు. చక్కెర తగ్గలేదు, తెల్లరక్తకణాలు పడిపోయాయి. ఆ వింతను వదలకుండా పట్టుకుంటే క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ దొరికింది. అదే మొక్క నుంచి తర్వాత వచ్చిన విన్‌క్రిస్టిన్‌ను పిల్లల రక్త క్యాన్సర్‌కు నేటికీ వాడుతున్నారు. పాత వాడుక మొక్కను సరిగ్గానే చూపింది, జబ్బే వేరు.

అపోహ: ప్రకృతి ఇచ్చింది కాబట్టి హాని చేయదు.

ఉమ్మెత్తను ఇచ్చిందీ ప్రకృతే. ఉమ్మెత్త విషం గంటల్లో బయటపడుతుంది కాబట్టి దాని సంగతి అందరికీ తెలుసు. నన్ను భయపెట్టేవి నెమ్మదిగా చంపే మొక్కలు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికల మాత్రలు వాడిన 100 మందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఒక మూలికకు బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలవడమే కారణం. ఆ తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. మన ఈశ్వరి వేరు, గాడిదగడపాకు ఆ జాతివే. ఇప్పుడు మింగిన వేరుకు, ఏళ్ల తర్వాత వచ్చిన క్యాన్సర్‌కు ముడిపెట్టడం ఏ నాటువైద్యుడికైనా సాధ్యమా? తరతరాల అనుభవానికి అందనిది ఇదే.

అపోహ: మొక్క పేరు తెలిస్తే చాలు.

ఈ పనిలో కొత్తగా చేరినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఎండిన నేల ఉసిరి బస్తా తెప్పించి మూడు నెలలు పనిచేశాను. రెండో బస్తాతో ఒక్క ఫలితమూ కలవలేదు. చివరికి ఒక వృక్షశాస్త్రజ్ఞురాలు రెండు గుప్పెళ్లు కాగితం మీద పరిచి, ఐదు నిమిషాల్లో చెప్పారు: మొదటి బస్తాలో రెండు జాతులు కలిసి ఉన్నాయని. మూడు నెలలూ నీళ్లపాలు. అప్పటినుంచి పూత, కాయతో ఉన్న కొమ్మను నొక్కి ఆరబెట్టి హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) దాచందే పని మొదలుపెట్టను. 2021లో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్నదన్న నివేదికలు వచ్చినప్పుడు కూడా, అది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన మరో తీగా అన్నదానిపైనే పెద్ద వివాదం నడిచింది.

అపోహ: ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలు చచ్చాయి, ఇక మందు దొరికినట్టే.

చిక్కటి ఉప్పునీళ్లు పోసినా చస్తాయి. పసుపులోని కర్కుమిన్ గాజు పాత్రలో ఎన్నో పరీక్షలు నెగ్గింది. మనిషికి రోజుకు కొన్ని గ్రాములు ఇచ్చినా రక్తంలో కనిపించేది అత్యల్పం. పేగులు దాన్ని సరిగా పీల్చుకోవు, పీల్చుకున్న కాస్తనూ శరీరం చకచకా మార్చేస్తుంది. మిరియాల్లోని పైపెరిన్ కలిపి ఎక్కువ చేరేలా చేసిన మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి.

అపోహ: పరిశోధన పేరుతో అడవి బిడ్డల జ్ఞానం దోచుకుంటారు.

దీన్ని అపోహ అనడానికి నాకు నోరు రాదు. గాయాలకు పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో పేటెంటే ఇచ్చారు. భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. మరోలా జరిగిన సందర్భమూ ఉంది. కేరళలోని కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ అనే మొక్క నుంచి అలసట తగ్గించే ‘జీవని’ మందు తయారైంది. దానిపై వచ్చిన లైసెన్సు సొమ్ములో సగం వారి ట్రస్టుకు కేటాయించారు. ఆ ఏర్పాటు మీదా విమర్శలు లేకపోలేదు. అయినా నాకు ఒక మొక్కను చూపినవారి పేర్లు, మేం కుదుర్చుకున్న షరతులు నా నోటు పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటాయి.