కొండమీద మొదటి రాత్రికి

బెంగళూరు,
మార్చి నెల.

చిరంజీవులైన పిల్లలకు,

పెదనాన్న ఆశీస్సులు. పరీక్షలు అయిపోగానే మీరంతా మనాలి పైన కొండల్లో టెంట్లు వేసుకుని ఉండబోతున్నారని తెలిసి చాలా సంతోషించాను. సర్దుడు కూడా మొదలుపెట్టారట. సంచిలో ఏ వస్తువు పెట్టబోయినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: రాత్రి నేను వెచ్చగా, పొడిగా ఉండడానికి ఇది పనికొస్తుందా? పగలు నడుస్తూ ఉంటే ఒంట్లో వేడి దానంతటదే పుడుతుంది. కొత్తవాళ్లు అవస్థపడేది రాత్రిపూట.

మన బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది. పైకి ఎక్కేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకూ ఇంచుమించు 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. క్యాంపు 3,000 మీటర్ల దగ్గరుంటే ఎత్తు వల్లే ఇక్కడికన్నా 13 డిగ్రీలు చల్లన, ఆపైన అది ఎక్కడో ఉత్తరాన. మనకి ఉగాదికి వేపపూత, మామిడికాయ. అక్కడ అప్పటికి మంచు ఇంకా కరుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజామున సున్నా దాకా దిగిపోవచ్చు.

చలికి దుప్పట్లు కప్పుకుంటే చాలనుకుంటాం. కొండమీద ముందు చూసుకోవాల్సింది కింద పరుచుకునేది. స్లీపింగ్ బ్యాగులో వెచ్చదనం ఇచ్చేది దాని దూదిలో చిక్కుకున్న గాలి. మీరు పడుకోగానే ఒంటి బరువుకి అడుగున దూది అణిగిపోయి, గాలి లేకుండా పోతుంది. ఇక నేల మీ వీపులోని వేడిని రాత్రంతా పీల్చేస్తుంది. అందుకే కనీసం సెంటీమీటరు మందమున్న ఫోమ్ మ్యాటు తప్పనిసరి. బ్యాగు అద్దెకు తీసుకుంటుంటే లేబులు మీద 'కంఫర్ట్' అని ఉన్న అంకె చూడండి, ఎన్ని డిగ్రీల చలిదాకా హాయిగా నిద్రపడుతుందో అది చెబుతుంది. 'ఎక్స్‌ట్రీమ్' అంకెను నమ్ముకోవద్దు, అది ప్రాణం నిలబడడానికి, నిద్రకి పనికిరాదు. జిప్పు పైనుంచి కిందిదాకా రెండుసార్లు లాగి చూసి మరీ తెచ్చుకోండి.

పడుకునే బట్టలు వేరే ప్లాస్టిక్ కవరులో మూటగట్టండి: ఒక జత థర్మల్స్, ఒక జత ఉన్ని మేజోళ్లు, ఒక మంకీ క్యాప్. పగలు ఎంత చలేసినా అవి ముట్టుకోవద్దు. నడిచిన మేజోళ్లు చేతికి పొడిగా తగిలినా వాటిలో చెమట ఉంటుంది, అర్ధరాత్రికి కాళ్లు కొయ్యబారతాయి. జీన్స్ ఇంట్లో వదిలేయండి. తడిస్తే ఆ చలిలో రెండు రోజులైనా ఆరవు.

టెంటు వేయడం ఇక్కడే మేడమీద నేర్చుకోండి. ఏప్రిల్లో మనకి సాయంత్రాలు మామిడి జల్లులు పడుతుంటాయి కదా, అంతకన్నా మంచి పరీక్ష లేదు. కాంక్రీటులో మేకులు దిగవు కాబట్టి తాళ్లు నీళ్లు నిండిన 20 లీటర్ల క్యాన్లకు కట్టండి. కడ్డీ ముక్కలు కలిపేటప్పుడు ప్రతి అతుకూ టక్కుమని పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. సగమే కూర్చున్న అతుకు, కడ్డీ వంచగానే చీలిపోతుంది. గుడ్డ గొట్టంలోంచి కడ్డీని నెట్టండి, లాగితే అతుకులు లోపలే ఊడతాయి. పైషీటు లోపలి గుడ్డకు ఎక్కడా తగలకూడదు, తగిలినచోటల్లా తడి దిగుతుంది. కొండమీద మేకు కొట్టేటప్పుడు దాని తల టెంటుకు అవతలి వైపు వాలి ఉండాలి.

పొద్దున్నే టెంటు లోపల నీటిబొట్లు కనిపిస్తే కారిందని కంగారుపడకండి, అది మీ ఊపిరిలోని ఆవిరే. చలేస్తోందని గాలికిటికీలు మూసేస్తే ఇంకా ఎక్కువవుతుంది. టెంటులో స్టవ్వు గానీ కొవ్వొత్తి గానీ ఎంత చిన్నదైనా వెలిగించొద్దు. మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తిండి సంగతి. 3,000 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు లేకపోతే అన్నం పలుకు మిగులుతుంది, కందిపప్పు ఉడకనే ఉడకదు. ఇంట్లోనే పోపు వేసి, బొంబాయి రవ్వ వేయించి, ఉప్పు కలిపి డబ్బాలో పెట్టమని అమ్మనడగండి. గ్లాసు రవ్వకి మూడు గ్లాసుల మరిగే నీళ్లు పోసి మూతపెడితే ఉప్మా. పడుకోబోయే ముందు ఒక సున్నుండ తినండి, ఒళ్లు వెచ్చబడుతుంది.

సంచి బరువు మీ బరువులో ఏడోవంతు దాటనివ్వకండి. కొత్త బూట్లయితే ఇప్పటినుంచే వేసుకు తిరగండి, ఒక ఆదివారం నంది కొండ మెట్లు ఎక్కి దిగితే ఎక్కడ ఒరుస్తుందో తెలిసిపోతుంది. విమానంలో గ్యాసు డబ్బా, అగ్గిపెట్టె రానివ్వరు, పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి.

వాగు దాటాల్సొస్తే పొద్దున్నే దాటండి. ఎండెక్కేకొద్దీ పైన మంచు కరిగి, సాయంత్రానికి అదే వాగు మోకాళ్లు దాటొచ్చు. అందుకే టెంటూ ఒడ్డున వేయకూడదు. దొడ్డికి వెళ్లాలంటే నీళ్లకు 60 మీటర్ల దూరంలో, జానెడు లోతు గొయ్యి తీసి, పూడ్చేయాలి.

ఒక్కటి మాత్రం నాకు మాటివ్వండి. మనాలిలో ఒకటి రెండు రాత్రులు ఆగి, ఒళ్లు అలవాటుపడ్డాకే పైకి కదలండి. పైన తలనొప్పి వచ్చి, వికారంగా ఉంటే వెంటనే పెద్దవాళ్లకి చెప్పండి, వెనక్కి పంపేస్తారని దాచొద్దు. అలా ఉన్నప్పుడు ఇంకా పైకి ఎక్కకూడదు. ముదిరితే అర్ధరాత్రయినా సరే కిందికి దిగాల్సిందే, దిగడమే దానికి అసలు మందు.

తిరిగొచ్చాక టెంటుని తడిగా మడిచి అటకెక్కించకండి. మేడమీద నీడలో రెండు రోజులు ఆరేసి, అప్పుడు మడవండి.

ఉంటాను,
మీ పెదనాన్న